పక్క కాజా

పరాత్పరరావు గారికి సిగరెట్టు లేదు, మందు లేదు, పేకాట లేదు. ఉన్న దురలవాటు ఒక్కటే, ఆయన చెప్పింది నిజమవుతుంది. వాన పడదంటే పడదు. గ్యాసు మంగళవారం అయిపోతుందంటే మంగళవారమే అయిపోతుంది, అదీ పోపు మధ్యలో. కూతురు హైమకి లెక్కల్లో తొంభై రెండు వస్తాయని ఆయన అన్న ఏడాది, ఆ పిల్ల తొంభై మూడు తెచ్చుకోవడానికి పడ్డ పాట్లన్నీ వృథా అయ్యాయి. అలాంటి మనిషితో ఇరవై తొమ్మిదేళ్లు కాపరం చేయడం ఎంత అలసటో వకుళ ఎవరికి చెప్పుకుంటుంది? చెప్పుకుంటే అదృష్టవంతురాలివి అంటారు.

అందుకని, ఆ ఏడు శ్రావణం చివర్లో ఆయన భోజనం బల్ల దగ్గర కూర్చుని, "నీకు ఎనిమిదేళ్లలో మతిమరుపు జబ్బు వస్తుంది వకుళా" అన్నప్పుడు, ఆవిడ మొదట చేసిన పని పొయ్యి తగ్గించడం. తర్వాత చేసిన పని నమ్మడం.

ఆ మాట ఆయన ఊరికే అనలేదు. బటన్ చూసి అన్నారు.

బటన్ ఆయన పన్నెండేళ్ల శ్రమ. విశాఖలో సముద్రం కనిపించే ఒక పరిశోధన సంస్థలో, సముద్రం కనిపించని గదిలో కూర్చుని చేశారు. చొక్కా గుండీ అంత ఉంటుంది. మెడ కింద, భుజం ఎముక మొదట్లో అంటించుకుంటే నెల రోజులు చెమట పీలుస్తుంది. దాని అడుగున పెప్టైడ్ పూత ఉంటుంది. మతిమరుపు రాబోయే మనిషి మెదడులో ఒక ప్రోటీన్ ముక్కలవుతుంది. ఆ ముక్కల్లో ఇసుమంత చెమటలోకి దిగుతుంది. దిగినదాన్ని పెప్టైడ్ పట్టుకుంటుంది. పట్టుకున్న బటన్‌ను నీలి దీపం కింద పెడితే పచ్చగా మెరుస్తుంది. రోగం బయటపడడానికి ఎనిమిదేళ్ల ముందే.

ఇదంతా ఆయన లోకానికి వివరించారు, లోకానికి అర్థమైంది. పరీక్షకి కావలసిన ఆడవాళ్లకి అర్థం కాలేదు. ఆ పని వకుళ మీద పడింది. వకుళ ఒకప్పుడు బి.ఎస్సీ. కెమిస్ట్రీలో కాలేజీకే ఫస్టు. ఆ తర్వాత ఆ కెమిస్ట్రీనంతా చింతపండు మీదా వంటసోడా మీదా వాడేసింది.

"అమైనో ఆమ్లాలని ఉంటాయి, పూసల్లాగా. పదిహేడు పూసలు గుచ్చితే మా ఆయన పెప్టైడ్" అని ఆవిడ నూకాలుకి చెప్పింది. "అది రవిక హుక్కు అనుకో. రోగం ముక్క కాజా. హుక్కుకి కాజా దొరికితే మెరుస్తుంది. దొరక్కపోతే తెల్లగా ఉంటుంది. అంతే."

"ఇంతేనా? ఈపాటి దానికి అయ్యగోరు మా పేటకొచ్చి రెండు గంటలు ఇంగిలీసు మాటాడినారేటమ్మా" అంది నూకాలు.

నూకాలు ఫిషింగ్ హార్బర్ నుంచి వారానికి మూడు రోజులు తట్టతో చేపలు తెచ్చే మనిషి. యాభై దాటాయి. పదిహేనేళ్లుగా వకుళ ఆవిడ దగ్గరే కొంటోంది. నూకాలు చేపని చూసి ఎంచదు. చెవి దగ్గర పెట్టుకుంటుందా అన్నట్టు మొహం దాకా ఎత్తి, ఒక్క పీల్పు పీల్చి, అక్కర్లేనిది పక్కన పడేస్తుంది. పాడైన చేప ఆ తట్టలోంచి ఒక్కసారి కూడా రాలేదు. అలాంటి నూకాలుని, ఆవిడతోపాటు పేటలో నలభై మందిని, "ఒక గుండీ అంటించుకోవడమేగా" అని పరీక్షకి తీసుకెళ్లింది వకుళే.

నలభై ఐదు దాటిన ఆడవాళ్లు మొత్తం పన్నెండు వందల మంది. మూడు వందల మందికి పైగా పచ్చ వచ్చింది.

"మరీ ఎక్కువ కాదూ?" అని అడిగింది వకుళ అప్పట్లో.

"ఆడవాళ్లలో ఈ జబ్బు ఎక్కువని పుస్తకాల్లోనే ఉంది" అన్నారు పరాత్పరరావు గారు.

"స్కానింగులో ఎవరికీ ఏమీ కనబడలేదటగా."

"కనబడదు. స్కానింగు కన్నా ముందే పట్టుకుంటున్నామనడానికి అదే రుజువు."

ఇలాంటి రుజువు చేతిలో ఉన్నవాళ్లతో వాదించలేం. వకుళ వాదించలేదు.

పచ్చ వచ్చినవాళ్లకి మందు కూడా ఉంది. ఒకటే ఇంజక్షన్. ముక్కలవుతున్న ప్రోటీన్‌ని ఆపేస్తుంది. బదులుగా వాసన తెలియకుండా పోతుంది, కొద్దిరోజులు కాదు, ఇక ఎప్పటికీ. మతి పోవడం కన్నా వాసన పోవడం నయమని డాక్టర్లు అంటే, నిజమే కదా అని అందరూ తలూపారు. నూకాలు జాబితాలో మొదటి వరసలో ఉంది, ఆషాఢంలోనే వేయించుకుంది. వకుళకి దసరా వెళ్లిన బుధవారం అని తేదీ ఇచ్చారు.

ఆవిడకి పచ్చ వచ్చిందని పరాత్పరరావు గారు సంస్థకి తెలియజేయడానికి గంట పట్టలేదు. ఇరవై నాలుగు గంటల్లోగా తెలపాలన్న నిబంధన ఆయన రాసిందే. పచ్చ వచ్చిన మనిషి బండి నడపకూడదు, పరిశోధన కాగితాల మీద సంతకం పెట్టకూడదు అన్నవి కూడా.

*

రోగం ఎనిమిదేళ్ల తర్వాత. మర్యాదలు మాత్రం మర్నాటి నుంచే మొదలయ్యాయి.

ముందు స్కూటర్ తాళం కనిపించకుండా పోయింది. తర్వాత హైమ వంటింటి డబ్బాలన్నిటికీ కాగితాలు అంటించింది. ఇది ఉప్పు. ఇది పంచదార. హైమ ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి ఇంటి నుంచే పని చేస్తుంది కాబట్టి తల్లిని కనిపెట్టుకుని ఉండే తీరిక ఉంది. తల్లి పొయ్యి దగ్గరికి వెళ్లినప్పుడల్లా ఆ పిల్లకి మంచినీళ్ల దాహం వేసేది.

"ధనియాల డబ్బా మీద జీలకర్ర అని రాశావు" అంది వకుళ.

హైమ వెళ్లి డబ్బా తీసి చూసింది. ధనియాలే. అయినా తల్లి వైపు కాస్త జాలిగా చూసి, "పోనీలే అమ్మా, రేపు మారుస్తాను" అంది.

మొదటివారం వకుళకి నవ్వొచ్చింది. రెండోవారం నవ్వితే, "ఊరికే నవ్వుతోంది నాన్నా" అని లోపలి గదిలో వినబడింది. ఆ తర్వాత నవ్వడం తగ్గించింది. పాలవాడు రెండు ప్యాకెట్లు తక్కువ వేశాడంటే ఆవిడ లెక్క తప్పిందన్నారు. పరాత్పరరావు గారి కళ్లజోడు ఫ్రిజ్ మీద పెట్టింది ఆయనే అంటే, "సరే, నేనే పెట్టాను" అని నీళ్ల సీసా నోటికి అందిస్తున్నంత మెత్తగా అన్నారు. ఆ మెత్తదనమే ఆవిడకి భరించడం కష్టమైంది. ఇరవై తొమ్మిదేళ్లలో ఆయన ఎన్నిసార్లు కసిరినా, ఆ కసురులో ఎదురుగా ఒక మనిషి ఉందన్న స్పృహ ఉండేది.

ఆవిడ మీద ఆయన ఒక నోట్‌బుక్ పెట్టారు. రోజూ రాత్రి భోజనమయ్యాక రెండు ముక్కలు రాసేవారు. అందులో ఏముందో చూడాలని ఆవిడకి అనిపించలేదు. ఏ భార్యకైనా భర్త తన గురించి ఏమనుకుంటాడో సుమారుగా తెలుసు. అక్షరాల్లో చూడనక్కర్లేదు.

*

భాద్రపదంలో ఒక శనివారం పొద్దున్నే నూకాలు తట్ట దించింది. చందువాలు. వకుళ ఒకటి చేతిలోకి తీసుకుని వెంటనే పెట్టేసింది. రెండోది తీసింది. అదీ అంతే.

నూకాలు ఆవిడ మొహం చూసింది. తర్వాత చేపల్ని చూసింది. మొప్ప ఎత్తి ఎరుపు చూసింది, వేలితో నొక్కి చూసింది.

"కంపు కొడతన్నాయా అమ్మగోరూ?"

"అబ్బే, కొంచెం..."

"నిజం సెప్పండి. పొద్దున్న నాయుడుగారింట్లో తీసుకోనేదు. మేష్టారింట్లో తీసుకోనేదు. మొకమాటానికి ఎవుళూ సెప్పరు, రేపు రమ్మంటారు." తట్ట మీద గుడ్డ కప్పేసింది. "ఐసు కింద ఏముందో నాకేటి తెలుస్తాది. ఇంతకుముందు బోటు ఒడ్డుకి రాకముందే సెప్పీసేదాన్ని, దీన్లో నిన్నటి సేపుందని."

 మతి పోవడం కన్నా నయం కదా అనబోయి, వకుళ ఆ మాట మింగేసింది. టీ పెట్టి తెచ్చింది. ఇద్దరూ గుమ్మం దగ్గర కూర్చున్నారు. నూకాలు గ్లాసు పట్టుకుని అలవాటుగా వాసన చూసి, గుర్తొచ్చి, తాగింది.

"మా వొదిన పోలమ్మకి పచ్చ రానేదు" అంది. "దానికి నా కంటే పదేళ్లు పైన. నిన్న సెప్పింది ఇవాళ గురుతుండదు. సెప్పు ఒక కాలికేసుకుని రెండోది ఎతుక్కుంటాది. దానికి తెల్ల. మా అత్తకి ఎనబయ్యేళ్లు, నన్ను సూసి ఎవుళు నువ్వంటాది. ఆవిడకీ తెల్లే."

"అలాగా?"

"ఇద్దరూ మొగుళ్లు పోయినోళ్లే. పేటలో పచ్చొచ్చినోళ్లందరికీ మొగుళ్లున్నారు. మొగుడున్నోళ్లకే మతి పోతాదేటమ్మా?"

వకుళ పడీపడీ నవ్వింది. ఇన్నాళ్లూ దాచుకున్న నవ్వు అది. లోపల హైమ కుర్చీ జరిగిన చప్పుడైంది. నూకాలు కూడా నవ్వుతూ, చెమటకి మెడకి అంటుకున్న పుస్తెలతాడు కిందకి లాక్కుంది. చామనఛాయ మెడ మీద తాడు ఉన్నంత మేరా పసుపు గీత. తాడు మొన్ననే మార్చినట్టుంది, కొత్త పసుపు.

వకుళ నవ్వు ఆగింది.

తన మెడా తడిమి చూసుకుంది. బైకుల మీద వచ్చి గొలుసులు తెంపుకుపోయే వాళ్ల పుణ్యమా అని, రెండేళ్లుగా తనదీ పసుపుతాడే. శుక్రవారం శుక్రవారం పసుపు రాస్తుంది. శ్రావణమాసంలో అయితే వేలికొసతో కాదు, ముద్దగానే రాస్తుంది.

"నూకాలూ, నీ బటన్ మెరిసినప్పుడు చూశావా? ఏ పచ్చ? ఆకుపచ్చా, పసుపుపచ్చా?"

"పచ్చే అమ్మా. పచ్చ పచ్చే కదా."

ఆ పగలంతా వకుళ వంటింట్లో ఒక్కొక్కటే గుర్తు చేసుకుంది. ఎదురు ఫ్లాట్‌లో మార్తా టీచరు, చర్చికి వెళ్లే మనిషి, పసుపు ముట్టదు. తెల్ల. కింద ఫ్లాట్ షంషాద్ గారు, తెల్ల. ఆషాఢంలో అంటించుకున్న వాళ్లకన్నా శ్రావణంలో అంటించుకున్న వాళ్లలో పచ్చలు రెట్టింపని, గాలిలో తేమ వల్ల కాబోలని ఆయనే అన్నం తింటూ చెప్పారు. పంచాంగం చూసుకుని వచ్చే రోగం ఉంటుందా? మరి ల్యాబులో మనుషుల మీద ఇన్నిసార్లు సరిచూశారు కదా. సరిచూసింది ఎవరి మీద? ఆయన మీద, ఇద్దరు సైంటిస్టుల మీద, జీన్స్ వేసుకుని వచ్చే ముగ్గురు పీహెచ్‌డీ అమ్మాయిల మీద. అక్కడ ఒక్క మెడలోనూ పసుపుతాడు లేదు.

హుక్కు పెట్టుకోవడం వచ్చిన ఆడది ఎవరైనా చెబుతుంది. తొందరలో అది పక్క కాజాలోకి కూడా పోతుంది. పోయాక గట్టిగానే పట్టుకుంటుంది. రవిక వంకరగా ఉందని అద్దంలో చూసుకున్నప్పుడే తెలుస్తుంది.

*

ఆ సాయంత్రం ఆవిడ భర్తకి చెప్పింది. ఎక్కడా తడబడకుండా, నూకాలు అత్తగారి దగ్గర్నుంచి శ్రావణమాసం దాకా వరసగా చెప్పింది. పసుపులోని కర్కుమిన్ నీలి కాంతి కింద మెరుస్తుందని, అది మీ పెప్టైడ్‌కి అతుక్కుంటోందేమో చూడమని కూడా చెప్పింది.

పరాత్పరరావు గారు చివరిదాకా విన్నారు. అది మంచి సూచన కాదని ఆవిడకి తెలుసు. మామూలుగా అయితే రెండో వాక్యంలోనే అడ్డొచ్చేవారు.

"బటన్‌ని చూసేముందు ఉప్పునీళ్లతో మూడుసార్లు కడుగుతాం" అన్నారు నెమ్మదిగా. "పసుపైనా, పౌడరైనా, ఏదైనా పోతుంది."

"పెప్టైడ్ పట్టుకుంటే పోదుగా."

"వకుళా." ఆవిడ చెయ్యి తన చేతిలోకి తీసుకున్నారు. "నాకు లేదు అని మనసు ఒప్పించుకోవాలని చూస్తుంది. అది సహజం. అదీ లక్షణాల్లో ఒకటే."

"ఒక్క చుక్క పసుపునీళ్లు వేసి చూడండి. పావుగంట పని."

"చూస్తాలే."

నోట్‌బుక్ తీసి రాసుకున్నారు. ఆరోజు మాత్రం ఆవిడ, ఆయన స్నానానికి వెళ్లినప్పుడు, తెరిచి చదివింది. 'సంబంధం లేని విషయాలను కలిపి ఊహించడం మొదలైంది.'

ఆవిడ పుస్తకం మూసి ఎక్కడిదక్కడ పెట్టింది. కోపం రావలసింది, రాలేదు. చాలా దూరం నడిచి వచ్చాక ఇల్లు ఇది కాదని తెలిసినట్టు అనిపించింది. తన బటన్ ఒకసారి పచ్చబడ్డాక మళ్లీ తెల్లబడదు. కొత్తది మూడు నెలలకి గాని ఇవ్వరు. బుధవారం నెల పైన కొద్దిరోజుల్లో ఉంది. పోపు వేగిందో లేదో, హైమకి జ్వరమో కాదో, పాలు ఎప్పుడు పొంగబోతాయో, ఇవన్నీ ఆవిడ కళ్లతో కాక ముక్కుతో తెలుసుకునేది. నూకాలు చేపల సంగతి లాగే.

అప్పుడు గుర్తొచ్చింది. నెలనెలా కొత్త బటన్ అంటించుకునే మనిషి ఇంట్లో ఒకరున్నారు. తను కనిపెట్టిన దాని మీద గౌరవం కొద్దీ పరాత్పరరావు గారు రెండేళ్లుగా బటన్ లేకుండా లేరు. అన్నీ తెల్లవే.

ఆయనకి మెడనొప్పి కూడా ఉంది.

*

"ఏమండీ, నూనె రాయనా?"

"ఊఁ."

"నువ్వులనూనెలో పసుపు కాచాను. దండిగా వేశాను. పసుపండీ."

"ఊఁ" అన్నారు పరాత్పరరావు గారు, బటన్‌ని దేశమంతా విడుదల చేసే విషయమై వచ్చిన ఉత్తరం చదువుతూ.

మోసం చేసిందని తర్వాత ఎవరైనా అంటారేమోనని రోజూ చెప్పే రాసింది. రోజూ ఆయన ఊఁ అన్నారు. మెడ మీదా, భుజాల మీదా, బటన్ చుట్టూ జాగ్రత్తగా మర్దన చేసేది. బనీను మెడ పచ్చబడింది. ఆయన చూసుకోలేదు. వంటింటి వైద్యం గురించి అడగదగిన ప్రశ్నలేవీ ఉంటాయని ఆయనకి తోచలేదు.

ఇరవై రెండో రోజున ఆయన ఇంటికి వచ్చేసరికి చొక్కా మెడగుండీ పెట్టి ఉంది. ఆశ్వయుజం ఉక్కలో.

 మర్నాడు కూడా గుండీ అలాగే ఉంది. స్నానాల గదిలోంచి పంతొమ్మిదో ఎక్కం వినబడింది. పంతొమ్మిది ఏళ్ల దగ్గర ఆగి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టారు. భోజనం దగ్గర హైమని, మీ మేనత్త ఇంటిపేరేంటి అని అడిగి, తనే చెప్పి, ఊపిరి పీల్చుకున్నారు. కళ్లజోడు కనబడకపోతే ముందు వెళ్లి ఫ్రిజ్ మీద చూశారు. ఉప్పు డబ్బా మీద అంటించిన కాగితాన్ని అలా చూస్తూ నిలబడిపోయారు.

ఆవిడ ఊహించుకున్నప్పుడు ఇదంతా తమాషాగా ఉండాల్సింది. కళ్లారా చూస్తుంటే లేదు. నాలుగు రోజులు ఆగింది. సంస్థకి చెబుతారేమో చూద్దామని ఆగింది. ఇరవై నాలుగు గంటలన్నది ఆయన రాసిందే కదా. ఆయన చెప్పలేదు. రోజూ వెళ్లి కాగితాల మీద సంతకాలు పెట్టి వస్తున్నారు. ఆ నాలుగు రోజుల్లో మరో ఆరుగురికి ఇంజక్షన్ వేశారని కూడా ఆయనే అన్నారు, మాటల మధ్య, గోడ వైపు చూస్తూ.

అది విన్నాక ఆవిడ ఇంక ఆగలేదు.

"మీది పచ్చబడి నాలుగు రోజులైంది" అంది.

ఆయన చెయ్యి మెడ మీదకి పోయింది. "ఎవరు చెప్పారు?"

"పంతొమ్మిది ఏళ్లు నూట ముప్పై మూడు. మీకు మతి బాగానే ఉంది. పదండి, మీ ల్యాబుకి."

"ఇవాళ ఆదివారం."

"అదీ గుర్తుంది చూశారా."

*

ల్యాబులో ఇద్దరే ఉన్నారు. పరాత్పరరావు గారు పెట్టెలోంచి నాలుగు కొత్త బటన్లు తీసి వరసగా పెట్టారు. రెండింటికి పెప్టైడ్ పూత ఉంది, రెండు వట్టివి. వకుళ చేతిసంచీలోంచి ఇంట్లో పసుపు పొట్లం తీసి, గాజుపలక మీద నీళ్లతో కలిపింది. గాజు కడ్డీ పట్టుకోవడం చెయ్యి మర్చిపోలేదు. పూత ఉన్నదానిమీద ఒక చుక్క, వట్టిదాని మీద ఒక చుక్క. మిగతా రెంటికి వట్టి నీళ్లు.

గంటసేపు ఆగారు.  ఉప్పునీళ్లతో మూడుసార్లు, రివాజు ప్రకారం, ఆయనే కడిగారు. నీలి దీపం వేశారు.

వట్టి బటన్ మీద పసుపు కడుక్కుపోయింది. నీళ్ల చుక్క వేసినవి రెండూ చీకటిగానే ఉన్నాయి. పెప్టైడ్ పూత మీద పడ్డ పసుపు మాత్రం కదల్లేదు. మెరుస్తోంది.

వకుళ వంగి చూసింది. "ఆకుపచ్చలో కొంచెం పసుపుపచ్చ ఉంది. మీ మిషను ఏ పచ్చో చూడదా?"

"ఎంత మెరుస్తోందో చూస్తుంది. రంగు చూడదు" అన్నారు ఆయన. కూర్చోవడానికి వెనక్కి చెయ్యి చాపితే కుర్చీ అందలేదు. ఆవిడ జరిపింది.

"ఎంతమందికి వేశారు ఇంజక్షన్?"

"డెబ్బై ఒకటి."

"నేను చెప్పిన రోజుకి?"

ఆయన నీలి దీపం ఆర్పారు. "నలభై."

ఆ రాత్రికే ఇంజక్షన్లు ఆపించారు. వకుళ బుధవారం రద్దయింది. ఆవిడ దానికి సంతోషించడం మొదలుపెట్టబోయి, ముప్పై ఒకటి అనే అంకె అడ్డొచ్చి, మానేసింది.

మర్నాడు నివేదిక చిత్తుప్రతి ఆయనే తెచ్చి చూపించారు. ఇదీ కొత్తే. ఆవిడ పోపులోకి ఆవాలు వేస్తూ చదివింది. 'పరీక్షలో పాల్గొన్నవారి వ్యక్తిగత అలంకరణ అలవాట్ల వలన ఫలితాలలో అవాంతరం ఏర్పడినది.'

"అంటే తప్పు మా మెడలదా?"

"అలా అని కాదు. శాస్త్రీయంగా అలాగే రాస్తారు."

"రాసేది ఎలాగైనా రాసుకోండి. నూకాలుకి చదువు రాదు. ఆవిడకి నోటితో చెప్పాలి."

"మా వాళ్లనెవరినైనా పంపిస్తాను."

వకుళ పొయ్యి కట్టేసి, చెప్పులు వేసుకుని, గుమ్మంలో నిలబడింది. స్కూటర్ తాళం కోసం చెయ్యి చాపింది. ఆయన పూజగదిలో దేవుడి పటం వెనక నుంచి తీసి ఇచ్చి, తనూ బూట్లు వేసుకున్నారు.

*

హార్బర్‌లో ఐసు పిండి చేసే మిషను పెద్దగా చప్పుడు చేస్తోంది. నూకాలు తట్టలతో తిరగడం మానేసింది. గట్టు మీద గోనె పరుచుకుని కూర్చుంది. పక్కన తెల్లచీరలో పెద్దావిడ ఒకామె, పోలమ్మ కాబోలు, ఒక్కొక్క చేపే ఎత్తి వాసన చూసి నూకాలు ముందు పెడుతోంది. మధ్యలో ఏది చూసిందో ఏది చూడలేదో మర్చిపోయి చూసినదే మళ్లీ చూస్తోంది. నూకాలు ఓపిగ్గా దాన్ని తీసి ఇవతల పెడుతోంది.

"అమ్మగోరు వచ్చినారు. ఓలమ్మా, అయ్యగోరు కూడా" అంది నూకాలు, లేవకుండా.

వకుళ ఆవిడ పక్కనే గోనె మీద కూర్చుంది. "నీకు జబ్బు లేదు నూకాలూ. ఎప్పుడూ లేదు. నీ మెడలో పసుపుకి ఆ బటన్ మెరిసింది. నిన్ను అక్కడికి తీసుకెళ్లింది నేను."

నూకాలు చేతిలో కత్తి ఆగింది. ఆవిడ వకుళని కాదు, ముందున్న చేపల్ని చూసింది.

"మరి నా ముక్కు?"

వకుళ తల అడ్డంగా ఊపింది.

పరాత్పరరావు గారు తడినేల మీద బూట్లు ఎక్కడ పెట్టాలో తెలియక నిలబడి ఉన్నారు. గొంతు సవరించుకున్నారు. "నూకాలమ్మా, పరీక్షలో ఒక పొరపాటు జరిగింది."

"జరిగినాదా? ఎలాగ జరిగినాది?"

"పసుపు వల్ల ఫలితం తప్పుగా వచ్చింది. దాంతో ఇంజక్షన్ ఇవ్వడం జరిగింది. ఇకమీదట అలా జరగకుండా చర్యలు తీసుకోబడతాయి."

"ఆగండి బాబూ." నూకాలు కత్తి గోనె మీద పెట్టింది. గొంతులో కోపం కూడా లేదు, అలసట తప్ప. "జరిగినాది, వచ్చినాది, ఇవ్వడం జరిగినాది. ఇందులో మడిసెవుళూ లేడేటి? గాలికి తలుపు పడ్డట్టు పడిపోనాదేటి నా ముక్కు?"

ఆయన వకుళ వైపు చూశారు. కండువా అందించమన్నట్టు ఉంది ఆ చూపు. అలాంటప్పుడు ఎప్పుడూ ఏదో ఒక మాట అందించే ఆవిడ, బోట్ల వైపు చూస్తూ కూర్చుంది.

పోలమ్మ ఒక చేప ఎత్తి వాసన చూసింది. మంచిదేనంది.

పరాత్పరరావు గారు ఆ తడినేల మీదే గొంతుకూర్చున్నారు. ఆయన ఏదో అన్నారు. పెదాలు కదిలాయి గాని, మిషను చప్పుడులో ఏమీ తెలియలేదు.

"ఇనబడనేదు" అంది నూకాలు.

"పసుపు సంగతి మా ఆవిడ చెప్పింది. పిచ్చి ఊహ అని పుస్తకంలో రాసుకున్నాను. నాదీ పచ్చబడ్డాక ఎవరికీ చెప్పకుండా దాచుకున్నాను." అటూ ఇటూ చేపలు బేరమాడుతున్న వాళ్లు కూడా ఇటు తిరిగేంత గట్టిగా, ఆయన మళ్లీ అన్నారు. "తప్పు నాది. జరగలేదు. నేను చేశాను."